కార్తెలు నేర్పిన ఎడారి

కువైట్ మాట వచ్చేసరికి మా ఊళ్ళో అందరిదీ ఒకటే జాలి. "పన్నెండేళ్ళు ఎలా నెట్టుకొచ్చావురా ఆ ఇసకలో? వానా లేదు, పచ్చని ఆకూ లేదు, ఏడాది పొడుగునా ఒకటే ఎండాయె" అంటుంది మా పెద్దమ్మ. నేను ఏదో చెప్పబోయేలోపు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళిపోతుంది. ఆవిడకు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అక్కడ ఉన్నది ఒకటే ఎండ కాదు. ఋతువు అంటే ఏమిటో నాకు తెలిసిందే ఆ ఇసకలో. కోనసీమలో పుట్టి, కాలవ గట్టు మీద పెరిగి, ఇరవై మూడేళ్ళు వచ్చినా కార్తెల పేర్లు వరసగా చెప్పలేనివాణ్ణి. ఒక అరబ్బు ముసలాయన ఇసకలో వేలితో గీతలు గీస్తే అవి నాకు తిరిగొచ్చాయి. ఇంకో మాట కూడా అంటాను, కోపం తెచ్చుకోకండి. ఋతువులు పోతున్నది ఎడారిలో కాదు, పచ్చగా ఉన్న మన డెల్టాలో. పోతున్నట్టు మనకు పట్టడం కూడా లేదు.

2003 జూలై 30న గోదావరి పుష్కరాలు మొదలయ్యాయి. కోటిపల్లి రేవులో మునిగాను, నెల తిరక్కుండా విమానం ఎక్కాను. ఏజెంటు చెప్పింది డ్రైవరు పని, దిగాక తెలిసింది తోటపని అని. డబ్బు కట్టేశాం, పొలం కాగితాలు తాకట్టులో ఉన్నాయి, వెనక్కి తిరిగే దారి లేదు. మళ్ళీ 2015 జూలైలో పుష్కరాలకే ఇంటికి వచ్చేశాను. ఒక పుష్కరం అంటే పన్నెండేళ్ళని లెక్క అందరికీ తెలుసు. నా వయసులో ఒక పుష్కరం అచ్చంగా ఆ రెండు స్నానాల మధ్య గడిచింది.

నేను పనిచేసిన చోటు పేరు వఫ్రా. కువైట్‌కి దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దు దగ్గర. ఆ దేశంలో నది అన్నది లేదు. తాగే నీళ్ళు సముద్రం నీళ్ళలో ఉప్పు తీసేసినవి. వఫ్రాలోనూ, ఉత్తరాన అబ్దలీలోనూ భూమి అడుగున కాస్త ఉప్పగా ఉండే నీళ్ళు దొరుకుతాయి, ఆ నీళ్ళ మీదే తోటలు. ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 110 మిల్లీమీటర్లు. మనకు ఒక్క తుఫాను రోజున అంత పడిపోతుంది.

మొదటి ఏడాది నాకూ మా పెద్దమ్మకి కనిపించినట్టే కనిపించింది. తెల్లారగట్ట లేచి గ్రీన్‌హౌసులో దోస పాదులకు తాళ్ళు కట్టడం, పది దాటాక కేబిన్‌లో దూరడం. ఆ కేబిన్‌కి కిటికీ ఉంది గాని దానికి రేకు అడ్డం కొట్టేశారు, ఏసీ చల్లదనం బయటికి పోకుండా. లోపల జనవరీ ఒకటే, జూలై ఒకటే. ఏసీ మోత, ట్యూబులైటు, కుబ్బూస్ రొట్టె, పప్పు. ఆ ఏడాది సంక్రాంతి ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలియలేదు. చాలా రోజుల తర్వాత అర్థమైంది, ఋతువును నా దగ్గరికి రానివ్వనిది ఎండ కాదు, ఆ రేకు. కువైట్ సిటీలో ఏసీ ఫ్లాట్ నుంచి ఏసీ కారులోకి, కారులోంచి ఏసీ మాల్‌లోకి నడిచే డబ్బున్నవాళ్ళకీ ఋతువు లేదు. నా కేబిన్‌కీ వాళ్ళ ఫ్లాట్‌కీ ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

తోట యజమాని తండ్రిని మేమంతా హజ్జీ అనేవాళ్ళం. ఎనభై దాటినవాడు. చిన్నప్పుడు గుడారాల్లో, ఒంటెల వెనక పెరిగినవాడు. ఎండాకాలం చివర్లో రోజూ తెల్లవారకముందే వచ్చి, తోటకు దక్షిణం గట్టు మీద చాప వేసుకుని కూచునేవాడు. నమాజు కోసం అనుకునేవాణ్ణి. రెండో ఏడాది, సెప్టెంబరు మొదటి వారంలో ఒకరోజు నేను మోటారు వేయడానికి వెళ్తుంటే చేత్తో పిలిచాడు. దక్షిణం వైపు వేలు చూపించాడు. నేల అంచుకి నాలుగు వేళ్ళ ఎత్తు కూడా లేదు, ధూళిలో ఎర్రగా వణుకుతూ ఒక చుక్క. "సుహైల్" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. వయసు వల్ల వచ్చిన నీళ్ళో, చుక్కను చూసి వచ్చినవో నేను అడగలేదు.

నా అరబ్బీ అప్పటికి సగం సగం. ఆయన చెప్పిందాంట్లో నాకు అందింది ఇది: సుహైల్ పొడిచింది, ఇక రాత్రిళ్ళు చల్లబడతాయి, నారు పోసుకోండి. ఇంకో మాట కూడా అన్నాడు, అది అక్కడి సామెత: "ఇదా తలా సుహైల్, లా తామన్ అస్సైల్." సుహైల్ పొడిచాక వాగు వరదను నమ్మకు. నది లేని దేశంలో, గోదారి ఒడ్డువాడికి, శ్రావణం రోజుల్లో, ఒక ముసలాయన వరద జాగ్రత్త చెప్పాడు. మా లంకల్లో తాతలు చెప్పే మాటే కదా అది.

ఆ తర్వాత ఆయన ఇసక చదును చేసి గీతలు గీశాడు. ఒక్కో గీతకీ ఒక నక్షత్రం పేరు, ఒక్కో నక్షత్రానికి పదమూడు రోజులు. అలాంటివి ఇరవై ఎనిమిది. వేళ్ళ కణుపులు లెక్కపెడుతూ చెప్పుకుపోతున్నాడు. పదమూడు రోజులు అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఈ లెక్క నేను ఎక్కడో విన్నాను. మా తాత అరుగు మీద కూచుని, "ఆరుద్ర రానివ్వండ్రా, అప్పుడే నారుమడి తొక్కుతారేంటి" అని మా నాన్న మీద కేకలేసేవాడు. అది విని విసుక్కుని క్రికెట్‌కి పోయేవాణ్ణి నేను.

ఆ శుక్రవారం అమ్మకు ఫోన్ చేశాను. అప్పట్లో ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టాలి, నిమిషాలు లెక్క. "అమ్మా, కార్తెలు వరసగా చెప్పు" అన్నాను. అమ్మ కంగారు పడింది, ఏమైందిరా ఒంట్లో బాగానే ఉందా అని. బాగానే ఉందని నమ్మించాక మొదలుపెట్టింది. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త... అక్కడ కార్డు అయిపోయింది. మిగతావి వచ్చే శుక్రవారం రాసుకున్నాను.

ఆ కాగితాన్ని హజ్జీ గీతల పక్కన పెట్టి చూసుకోవడం నాకు ఆ చలికాలమంతా పని అయిపోయింది. మనవి ఇరవై ఏడు, వాళ్ళవి ఇరవై ఎనిమిది. మన కార్తె పదమూడు పద్నాలుగు రోజులు, వాళ్ళది పదమూడు. వాళ్ళ సురయ్యా మన కృత్తికే. వాళ్ళ దబరాన్ మన రోహిణే. కానీ తేదీలు కలవడం లేదు. మన రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తే, వాళ్ళ దబరాన్ జూన్ మూడో వారంలో వస్తోంది. ఎక్కడో తప్పు రాసుకున్నాననుకున్నాను. తోట ఆఫీసులో అల్ ఉజైరీ క్యాలెండర్ ఉండేది. మనింట్లో పంచాంగం ఎలాగో కువైట్ ఇళ్ళలో అది అలాగ. దాన్ని తయారుచేసిన సాలిహ్ అల్ ఉజైరీ అనే ఖగోళ పండితుడు నూరేళ్ళు దాటి బతికి 2022లో పోయాడు. ఆ క్యాలెండర్ చూసినా తేదీలు అవే.

తేడా ఎక్కడుందో చివరికి తెలిసింది. మనకు కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న రోజులు. అంటే ఆ రోజుల్లో ఆ చుక్క కనిపించదు, సూర్యుడి వెలుగులో మునిగి ఉంటుంది. వాళ్ళకు లెక్క ఆ చుక్క సూర్యుడి చాటునుంచి బయటపడి, తెల్లవారుజామున మొదటిసారి తూర్పున కనిపించిన రోజు నుంచి. మనం సూర్యుడు దాచేసిన చుక్క పేరు చెబుతాం, వాళ్ళు దాగి బయటికొచ్చిన చుక్క పేరు చెబుతారు. చుక్కలు అవే, ఆకాశం అదే. నాకు ఇది తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి. మా తాతా ఈ హజ్జీ ఒకే పుస్తకాన్ని చెరో వైపు నుంచి చదువుకున్నారు. నేను దాన్ని తెరవను కూడా తెరవలేదు.

ఇక సుహైల్. అది మన అగస్త్య నక్షత్రం. అగస్త్యుడు పొడిస్తే నీళ్ళు తేరుకుంటాయని మన పెద్దల మాట, వరదలు తగ్గి, బురద అడుక్కి దిగి, శరత్తులో ఏరులు తేటపడతాయని. మన డెల్టాలో అది దక్షిణాన కొబ్బరి తలల మీదికి ఇరవై డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. కువైట్‌లో తొమ్మిది డిగ్రీలు మించదు, నేలను రాసుకుంటూ వెళ్ళిపోతుంది. మనకు అంత ఎత్తున వెలిగినా తల ఎత్తి చూసేవాళ్ళు లేరు. అక్కడ నాలుగు వేళ్ళ ఎత్తుకి వచ్చినందుకే ఒక ముసలాయన పదిహేను రోజులు తెల్లవారకముందే లేచి కాచుకున్నాడు.

ఆ తర్వాత పదేళ్ళూ నేను కేబిన్ కిటికీకి రేకు ఉంచలేదు. వఫ్రాలో ఏడాది ఎలా తిరుగుతుందో చెబుతాను, అప్పుడు చెప్పండి ఒకటే ఎండో కాదో.

అక్కడ ఏడాదికి మొదలు సెప్టెంబరు. జూన్ నుంచి ఆగస్టు దాకా నేల పడుకుంటుంది, చలిదేశాల్లో మంచు కింద నేల పడుకున్నట్టు. సుహైల్ పొడిచాక టమాటా నారు బయట మడుల్లోకి దిగుతుంది. అక్టోబరు సగం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా యాభై రెండు రోజులు వస్మ్. అంటే నాలుగు నక్షత్రాల కాలం, అందులో ఒకటి మన చిత్త. ఆ యాభై రెండు రోజుల్లో వాన పడిందా, ఆ ఏడు ఎడారి బతుకుతుంది. పడకపోతే తర్వాత ఎంత పడినా లాభం లేదంటారు. నాకు దీంట్లో ఒక బాధ ఉంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మన సార్వా చేను, అంటే తొలకరి వరి, కోతకు వస్తుంది, సరిగ్గా అప్పుడే తుఫాన్లు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫానుకి నాకు పదహారేళ్ళు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలో నిలబడి ఉన్న చెట్లను లెక్కపెట్టుకోవడం తేలిక. అలాంటివాణ్ణి వఫ్రాలో నవంబరు మబ్బు చూసి వాన పడాలని మొక్కాను. మొదటిసారి మొక్కినప్పుడు ఇంటికి ద్రోహం చేస్తున్నట్టు అనిపించింది.

వాన పడ్డాక ఎడారి వాసన మన తొలకరి వాసనే. కొంచెం ఘాటు ఎక్కువ. వారం పది రోజుల్లో ఇసక మీద పచ్చటి నీడ లాంటిది కదులుతుంది. దగ్గరికి వంగితే గాని మొక్కలని తెలియదు, వేలి గోరంత ఆకులు. ఆ గింజలు ఎన్నేళ్ళుగా ఇసకలో పడి ఉన్నాయో. చిన్న జల్లుకి అవి మోసపోవు. మొలక రాకుండా ఆపే పదార్థమేదో గింజ పైపొరలో ఉంటుంది, అది కడుక్కుపోయేంత వాన పడితేనే మొలకెత్తుతాయి. మనం వరి విత్తనాన్ని నానబెట్టి మండెకట్టి మొలకెత్తిస్తాం. అక్కడి గింజ తనకు ఎంత తడి కావాలో తనే తూచుకుంటుంది.

డిసెంబరులో మర్బానియా, నలభై రోజుల చలి. మనకు ధనుర్మాసం. తెల్లారగట్ట మోటారు పైపు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. కువైట్ వాళ్ళు ఆ నెలల్లో ఇళ్ళు వదిలి ఎడారిలో గుడారాలు వేసుకుంటారు, నవంబరు సగం నుంచి మార్చి సగం దాకా. సొంత దేశంలో అంత అద్దాల మేడలున్నవాళ్ళు చలిమంట దగ్గర కూచోవడానికి ఇసకలోకి ఎందుకు వస్తారని మొదట్లో ఆశ్చర్యపోయేవాణ్ణి.

జనవరి చివర్లో హజ్జీ నన్ను ఫగా ఏరడానికి తీసుకెళ్ళేవాడు. ఫగా అంటే నేల లోపల కాసే పుట్టగొడుగు, ఉర్లగడ్డలా ఉంటుంది. వస్మ్ వాన సరిగ్గా పడిన ఏడే కాస్తుంది. రుగ్రుగ్ అనే చిన్న పొద వేళ్ళను పట్టుకుని బతుకుతుంది, అందుకని ముందు ఆ పొదను వెతకాలి. పొద్దు వాలి నీడలు సాగే వేళ నేలను ఏటవాలుగా చూడాలి. పొదకు రెండు జానల దూరంలో నేల ఒక్క చోట నాణెమంత ఉబ్బి, మూడు పాయల పగులు కనిపిస్తుంది. పుల్లతో చుట్టూ ఇసక తీయాలి, గుచ్చకూడదు. హజ్జీ మోకాళ్ళ మీద కూచుని, పసిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు దాని కిందికి నాలుగు వేళ్ళు పోనిచ్చి పైకి తీసేవాడు. తెల్లగా ఉంటే జుబైదీ, ముదురు రంగైతే ఖలాసీ. మొదటిది నా చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. తొలకరికి మా తోటలో పుట్టగొడుగులు లేచిన చోటు ఎలా ఉంటుందో అలా ఉంది. నేను ఆ ఇసకలో కూలబడిపోయాను.

మార్చిలో ఖర్జూరానికి పెళ్ళి. మన తాడిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఖర్జూరంలోనూ మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మనకు గాలీ పురుగులూ ఆ పని చేసిపెడతాయి. అక్కడ గాలిని నమ్ముకుంటే కాయ పట్టదు. మగచెట్టు పొత్తి చీల్చితే లోపల తెల్లటి పాయలు, పచ్చి పిండి వాసన, చేతి నిండా పసుపు తెలుపు పొడి. నాలుగు పాయలు తీసుకుని చెట్టెక్కి, ఆడపొత్తి మధ్యలో తలకిందులుగా పెట్టి, ఆకు ఈనెతో వదులుగా కట్టి దిగాలి. కొబ్బరి చెట్టు ఎక్కడం వచ్చినవాణ్ణని ఆ పని నాకే అప్పజెప్పారు. పదకొండు వసంతాలు ఆ పొడి నా కనుబొమల మీద ఉంది. ఏప్రిల్‌లో సరాయాత్, అంటే ఉన్నట్టుండి సాయంత్రం లేచి దుమ్మూ ఉరుమూ వానా కలిపి కొట్టే గాలివాన. మన మామిడికాయలు రాల్చే ఈదురుగాలికి అన్నదమ్ము. ఆపైన ఎండ, జూన్‌లో వాయవ్యం నుంచి దుమ్ము గాలి. ఆగస్టులో బర్హీ ఖర్జూరాలు పసుపు తిరిగి, పచ్చిగానే తినబుద్ధేసేలా గెలలు వేలాడతాయి. అప్పటికి హజ్జీ దక్షిణం గట్టు మీద మళ్ళీ చాప వేసేవాడు.

ఈ మాటలన్నీ మా బావకు చెప్పాను ఒకసారి. ఆయనా కువైట్‌లో ఏడేళ్ళున్నాడు, బిల్డింగు పనుల్లో రాడ్లు కట్టాడు. "నువ్వు తోటలో ఉన్నావు గనక చుక్కలు చూశావురా. రాడ్డు పట్టుకుంటే అరిచెయ్యి బొబ్బలెక్కేవాడికి ఋతువేంటి?" అన్నాడు. ఆ మాట నిజం. నేను వచ్చేసిన మరుసటి ఏడు, 2016 జూలై 21న, కువైట్‌లోని మిత్రిబాలో నమోదైన వేడి 53.9 డిగ్రీలని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. అంత వేడి మనిషిని చంపుతుంది, చంపింది కూడా. ఇప్పుడు జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని నిషేధం. అది మనుషులు చచ్చిపోతుంటే పెట్టుకున్న నిబంధనే. ఎడారిలో అంతా అందమే అని నేను ఎవరి ముందూ అనను. అలా అనడం మా బావ అరిచేతుల్ని అవమానించడం.

కానీ ఆ రోజే, కాసేపయ్యాక, ఆయనే అన్నాడు. "సెప్టెంబరు దాటాక ఒకరోజు వచ్చేదిరా. సాయంత్రం చొక్కా విప్పి పిండితే చెమట కారేది కాదు. ఆ రోజు రూములో అందరం కోడి వండుకునేవాళ్ళం." ఏ తేదీన అని అడిగాను. "తేదీ ఏముంది, చొక్కాయే చెప్పేది" అన్నాడు. హజ్జీకి సుహైల్, మా బావకు చొక్కా. మనిషి ఎంత నలిగిపోతున్నా మలుపు ఎక్కడుందో వెతుక్కుంటాడు, కనిపించిన రోజు పండగ చేసుకుంటాడు. దీన్నే నేను కొత్తదనం అంటాను. పచ్చదనం వేరు, కొత్తదనం వేరు. పచ్చదనం కళ్ళముందు ఎప్పుడూ ఉంటే మలుపు కోసం ఎవరూ వెతకరు.

డెల్టాలోనూ ఒకప్పుడు ఆ వెతుకులాట ఉండేది. మాకు ఎడారి ఏప్రిల్ నెలాఖరున వచ్చేది. కాలవలు కట్టేసేవారు, మరమ్మతుల కోసం. నెలన్నర పాటు కాలవ అడుగు బయటపడి, బురద పెంకులు కట్టి, గుర్రపుడెక్క ఎండి గోధుమరంగు తిరిగి ఉండేది. గుంటల్లో మిగిలిన నీళ్ళలో కొర్రమీన్ల కోసం మేం దిగేవాళ్ళం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మామ్మ తిడుతున్నా వినేవాళ్ళం కాదు. జూన్‌లో ధవళేశ్వరం దగ్గర నీళ్ళు వదిలారని కబురొచ్చేది. ఆ రోజు మేం బడికి పోయేవాళ్ళం కాదు. ముందు నీళ్ళు కనిపించవు, చప్పుడు వినిపిస్తుంది, ఎండుటాకులు ఒకదాన్నొకటి తోసుకునే చప్పుడు. తర్వాత గోధుమరంగు నురగ, ఎండు కొబ్బరి డొక్కలు, ఒక చెప్పు, దాని వెనక నీళ్ళ నాలుక. మనిషి నడకంత వేగం. "నీళ్ళొచ్చేత్తన్నాయిరోయ్!" అని దాని ముందు పరిగెత్తేవాళ్ళం, మా వంతెన దాకా. అక్కడ ఆడవాళ్ళు పసుపూ కుంకుమా వేసేవారు.

ఆ నీళ్ళు వచ్చాయంటే కాటన్ దొర పుణ్యమే. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. అంతకుముందు ఇదీ ఆకాశం కేసి చూసిన నేలే, కరువుకి మనుషులు ఊళ్ళొదిలిపోయిన నేలే. ఈవాళ దాదాపు పది లక్షల ఎకరాలకు నీళ్ళందుతున్నాయంటే ఆ భయం పోయినందుకు దణ్ణం పెడతాను. భయంతో పాటు లెక్క కూడా పోనక్కర్లేదని మాత్రమే నా గోల. ఆనకట్ట కట్టాక కూడా నూరేళ్ళకు పైగా మన తాతలు కార్తెలు మానలేదు. మానింది మా నాన్న తరం చివర్లో, మరిచిపోయింది నా తరం.

2011లో సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదు, కూలి ఖర్చులు పెరిగాయి, మురుగు కాలవలు పూడి చేలు మునుగుతున్నాయి. వాళ్ళ పోరాటం న్యాయం, నేను ఎప్పుడూ అలాగే అంటాను. కానీ ఆ సెప్టెంబరులో నేను ఉప్పునీళ్ళు కట్టి టమాటా నాటుతూ, ఫోన్‌లో నాన్న "చేను బీడు పెట్టేశాం" అనడం విన్నాను. ఏరువాక సాగని ఏడు మా ఇంట్లో అదే మొదటిది. నాన్న గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

2015లో తిరిగొచ్చేసరికి మా చేనుకి రెండు వైపులా రొయ్యల చెరువులు. వనామీ రొయ్యను మన దేశంలోకి అనుమతించింది 2009లో. అది వచ్చాక నాలుగు నెలల్లోపు పంట, అది తీయగానే మళ్ళీ వేయడం. చెరువుకి రోహిణి లేదు, ఆరుద్ర లేదు, సంక్రాంతి కోతలు లేవు. రాత్రంతా నీళ్ళలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటాయి. మొదటి రాత్రి ఆ మోత విని నేను మంచం మీద లేచి కూచున్నాను. వఫ్రా కేబిన్‌లో ఏసీ మోతే అది, తేడా లేదు. చెరువులు తవ్వినవాళ్ళను తప్పుపట్టే హక్కు నాకు లేదు, వరి మీద అప్పు తీరదని వాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. కానీ పక్కచేలల్లోకి ఉప్పు ఊరుతోంది. ఉప్పునీళ్ళతో సేద్యం చేసి వచ్చినవాణ్ణి, ఆ తెల్లటి పొర గట్టు మీద కనిపించగానే గుర్తుపట్టాను. మా నాన్న అది సున్నం అనుకున్నాడు.

"కార్తెలు ఇంకా పనికొస్తాయా, వానలే తప్పిపోతుంటే" అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందన్నారు, ఇప్పుడు మృగశిరలో మబ్బే ఉండదు, నిజమే. అయితే వాన తప్పిందని తెలియాలంటే అది రావాల్సిన రోజు తెలిసుండాలి కదా. వస్మ్ తప్పిన ఏడు హజ్జీ ఆ సంగతి డిసెంబరు మొదటి వారంలోనే చెప్పేశాడు, ఈ ఏడు ఫగా లేదు, గొర్రెలు అమ్మేయండి అని. మనం మాత్రం తుఫాను వచ్చి చేను పడుకున్నాక టీవీ చూసి ఇది అకాల వర్షం అంటాం. ఏది అకాలమో చెప్పడానికి మన దగ్గర కాలం ఏదీ?

ఇప్పుడు మా ఇంట్లో గోడ మీద పంచాంగం పక్కన ఒక అట్ట ఉంది. ఒక వరసలో ఇరవై ఏడు, ఇంకో వరసలో ఇరవై ఎనిమిది. హజ్జీ పోయాడని 2017లో తోట నుంచి కబురొచ్చింది. ఆ రాత్రి నేను అట్ట కింద దీపం పెట్టాను, ఏ మతం ప్రకారం అని అమ్మ అడగలేదు.

మా చెల్లెలి కూతురు నర్సు ఉద్యోగానికి కువైట్ వెళ్ళింది. వెళ్ళేముందు అట్ట ఫోటో తీసుకుంది. పోయిన సెప్టెంబరులో, ఉదయం ఏడుంపావుకి నేను చేలో కలుపు తీయిస్తుంటే ఫోన్. అక్కడ ఇంకా తెల్లవారలేదు. నైట్ డ్యూటీ దిగి బిల్డింగు పైకెక్కిందట. ముందు రెండు రోజులు దుమ్ములో ఏమీ కనిపించలేదట.

"మావయ్యా, ఎర్రగా వణుకుతోంది, అదేనా?"

"దక్షిణమేనా?"

"ఆ, నీళ్ళ ట్యాంకు పక్కన. కిందికే ఉంది."

"అదేనమ్మా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. గాలి చప్పుడు వినిపిస్తోంది. తర్వాత అడిగింది, "మరి మన కాలవలో నీళ్ళు తేరుకున్నాయా?"

గట్టు దిగి, చెయ్యి ముంచి, దోసిలి పట్టి చూశాను. "ఇంకా లేదమ్మా," అన్నాను, "ఎర్రనీరే ఉంది. ఇంకో కార్తె పట్టేలా ఉంది."